తాత మీది పసుపు

జమ్మలమడుగులో మేము కొందరం కలిసి నడుపుకునే చరిత్ర సంఘంలో నేను చేరింది రిటైరయ్యాక, పొద్దుపోక. నెలకోసారి ఉపన్యాసం ఉంటుంది. మాట్లాడేది మేమే, చప్పట్లు కొట్టేది మేమే, చివర్లో టీ తాగేదీ మేమే. బడిపిల్లలను ఏదో ఒక ఊరికి తీసుకుపోయి పాత రాళ్లు చూపించే రోజునే కాస్త కళ ఉంటుంది. పోయిన చలికాలం ఎక్కడికి పోదామన్న మాట వచ్చినప్పుడు, పెద్దముడియం పక్కన మా పుట్టినూళ్లో వీరగల్లు ఉందని నోరు జారాను. జారడమేంలే, గొప్పకు చెప్పాను.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. ఆ రాయి మాకు తాత. మందను తోలుకుపోవడానికి వచ్చినవాళ్లతో కొట్లాడి చచ్చిపోయిన మా పెద్దాయన అందులో ఉన్నాడని నమ్మకం. ఏటా గొర్రెల బొచ్చు కత్తిరించాక ఇంటి పెద్దకొడుకు ఆముదంలో పసుపు కలిపి రాయికి పూస్తాడు. పసుపు నూరేది ఇంటి ఆడబిడ్డ. పెళ్లై వచ్చేసినా ఏటా పోయి నేనే నూరుతాను. పాత పసుపు తుడవకూడదు. నాయన పూసినదాని మీద అన్న పూస్తాడు, నాయన తన నాయన పూసినదాని మీద పూశాడు. అట్లా పూత మీద పూత పడి రాయి పచ్చటి ముద్దయిపోయింది. కింద బొమ్మ ఎట్లుంటుందో బతికున్నవాళ్లెవరమూ ఎరగం.

ఈ ముద్దను చూసి పిల్లలకేం అర్థమవుతుందన్నారు మా అధ్యక్షులవారు. ముందురోజే పోయి శుభ్రం చేద్దాం, మీవాళ్లేమైనా అనుకుంటారా అని నన్నడిగారు. మా అన్న నా మాట కాదనడన్నాను. అన్నకు ఫోన్ చేసి పిల్లలొస్తున్నారని చెప్పాను, కడగబోతున్నామని చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు కదా!

వేడినీళ్లు, సబ్బుపొడి, కొబ్బరిపీచు పట్టుకుపోయాం. అన్న మందతో దూరంగా ఉన్నాడు. పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కత్తి ఎత్తిన చెయ్యి, కాళ్ల దగ్గర రెండు గొర్రెలు, మెలితిరిగిన మీసం ఒక్కొక్కటే బయటపడుతుంటే నేనూ అందరితోపాటు ఒంగి చూశాను. ఒళ్లు పులకరించింది, ఆ మాట దాచను. పెచ్చులను చీపురుతో ఊడ్చి కంపచెట్లలో పారబోశాం.

మరునాడు పిల్లలు రాయి చుట్టూ కూర్చున్నారు. మైకు నా చేతిలో ఉంది. మా పూర్వీకుల గొప్ప చెప్పడం అప్పుడే మొదలుపెట్టాను. ఇంతలో ఉతికిన పంచె కట్టుకుని అన్న వచ్చాడు. రాయిని చూశాడు. వెంటనే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అట్లా తిప్పుకునే దగ్గరికొచ్చి, ప్రొద్దుటూరులో నేను కొనిపెట్టిన టవాలు భుజం మీద నుంచి తీసి రాయికి కప్పాడు. పిల్లలు నవ్వారు.

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. కోపంలో ఇద్దరం ఇద్దరమే. ఆయన అరవలేదు. ఇది మీ వంశానికే గౌరవమని అధ్యక్షులవారు నచ్చజెప్పబోయారు.

"సారూ, పెద్దోళ్ల ముందర మేము తల ఎత్తం. మీరు ఆయప్పను గుడ్డలిప్పి నిలబెట్టినారు" అన్నాడు అన్న.

పిల్లలను చిత్రాన్నం పొట్లాలతోసహా బస్సెక్కించి పంపించారు. నేను ఉండిపోయాను. వదిన పసుపుకొమ్ములు తెచ్చి నా ముందర పెట్టింది. నూరి ఇచ్చాను. అన్న కళ్లు మూసుకుని, టవాలు తీసి, చేత్తో తడుముకుంటూ రాయంతా పూశాడు. తర్వాత చెయ్యి కడుక్కోకుండానే నావైపు తిరిగాడు.

"నాయన పూసిన పసుపు యాడేసినారు పాపా?"

కంపచెట్ల వైపు చెయ్యి చూపించాను. ఆయన పోయి గొంతుకూర్చుని, మట్టిలో నుంచి పచ్చటి పెచ్చులు ఒక్కొక్కటే ఏరి టవాలులో వేసుకోసాగాడు. నేనూ పక్కన కూర్చుని చెయ్యి చాపాను.

"నువ్వు ముట్టొద్దులే పాపా" అన్నాడు. "ముండ్లు శానా ఉండాయి."

నిజంగా ముండ్లు గుచ్చుకుంటాయనే అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.