చీర తెచ్చినవాళ్లకు సంగటి

మొన్న ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపంలో మూడు రోజుల ధ్యాన శిబిరం పెడుతున్నారని, మోకాళ్ల నొప్పులకు కూడా మంచిదని మా కోడలు నా పేరు రాయించి వస్తే కాదనలేక వెళ్లాను. నేర్పే అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలని చెబుతూ ఒక్కొక్కరి భుజాలు సరిచేసుకుంటూ వచ్చి, నా దగ్గర మాత్రం ఏమీ అనకుండా ముందుకు వెళ్లిపోయింది. మా వంశంలో భూములు పోయాయి గానీ వెన్ను వంగలేదు. ఆ ఒక్కదాన్ని ఏ కోర్టూ వేలం వేయలేకపోయింది.

తర్వాత ఆ అమ్మాయి బుద్ధుడి కథ ఒకటి చెప్పింది. ఎవరో వచ్చి నోటికొచ్చినట్టు తిడితే బుద్ధుడు అంతా విని, మీ ఇంటికి వచ్చిన చుట్టం మీరు వడ్డించింది ముట్టకపోతే ఆ అన్నం ఎవరిదవుతుందని అడిగాడట. నాదే అవుతుందన్నాడట ఆయన. అయితే మీ తిట్లు నేను తీసుకోవడం లేదు, అవీ మీవే అన్నాడట బుద్ధుడు. ఆఫీసులో పైవాళ్లు కసిరినప్పుడు, ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు దీన్ని ఎలా వాడుకోవాలో ఆ అమ్మాయి వివరిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు శ్రద్ధగా రాసుకుంటున్నారు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వారని ఆమె అడిగితే చెప్పలేకపోయాను. ఫ్యాక్షన్ రోజులు చూసిన నా ఈడువాళ్లకైతే చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డు పల్లె. మా తాత, జేజినాయన అనేవాళ్లం, ఆయన కాలంలో మా వాకిలి ముందు ఎవరూ చెప్పులు వేసుకుని నడిచేవాళ్లు కాదట. అది గొప్పేనని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోను. అయితే ఆ ఇంటి పద్ధతి ఒకటి నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. మా వాళ్లు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాళ్లు కాదు. పెళ్లికి వెళితే అక్షింతలు వేసి వచ్చేవాళ్లే గానీ విస్తరి ముందు కూర్చునేవాళ్లు కాదు. ఎవరైనా మామిడికాయల బుట్ట పంపితే బుట్టతో సహా వెనక్కి వెళ్లేది. పార్టీల తగాదాల్లో, కోర్టు ఖర్చుల్లో పొలాలన్నీ కరిగిపోయి, నాయన కన్నుమూసి, ఇంటి పైకప్పు రెండు చోట్ల కురవడం మొదలుపెట్టాక కూడా ఆ పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు, తీసుకోకపోవడం ఒక్కటే మాకు మిగిలిన దొరతనం.

అప్పటికి ఇంట్లో ఉన్నది ముగ్గురం: నేను, నా తమ్ముడు, మా మేనత్త. అత్తను పులివెందుల అవతల వేముల వైపు ఒక పల్లెకు ఇచ్చారు. పెళ్లయిన ఆరో ఏడు, మామ బస్సు దిగుతుండగా ఎవరో ఒక మాట అన్నారు. ఆయన దానికి బదులు మాట అన్నాడు. నెల తిరక్కుండా ఆయన్ను నరికేశారు. అత్త ఒక్క ట్రంకు పెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. ఆ మాటేమిటో ఆమె ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మ లేని మమ్మల్నిద్దర్నీ పెంచింది ఆమే.

తమ్ముడికి కలమల్ల దగ్గరి కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. పర్మనెంటు కావడానికి ఇంకా మూడు నెలలుంది. వాడిది గడ్డివాములో నిప్పు లాంటి కోపం. నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుమాస్తాగా చేరాను. జేజినాయన మనవడు మీటరు కడ్డీ పట్టుకుని అడిగినవాళ్లందరికీ బట్ట కొలవడం ఊరికి పెద్ద వినోదం. నేను అంగట్లో ఉన్నంతసేపూ కూర్చునేవాణ్ణి కాదు. గుమాస్తాను గనక కూర్చోకూడదని కాదు, కూర్చోమని ఎవరితోనూ చెప్పించుకోకూడదని.

జమ్మలమడుగు బస్సులో రోజూ నాతోపాటు ప్రొద్దుటూరుకు వచ్చే బడి అయ్యవారు ఒకాయన ఉండేవాడు. ఆయన తాత మిషన్ దొరల కాలంలో క్రైస్తవంలో కలిశాడు. ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాడు, మిగతా ఆరు రోజులూ చేతికి దొరికిన పుస్తకమల్లా చదివేవాడు. ఊళ్లో నన్ను ఎవరెవరు ఏమేమి అంటున్నారో ఒకరోజు ఉడుకుమోత్తనంతో ఆయనకు చెప్పుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరాలా గుర్తుంది.

“మా ఏసయ్య రెండో చెంప తిప్పమన్యాడప్పా. అది నీకు కుదిరేది కాదులే. మీ ఇంటోళ్లకు మెడ తిరిగితే గదా చెంప తిరిగేది! నీకు బుద్ధుడే సరి. యెవురి దగ్గరా పుల్ల గూడా తీసుకోరు గదా మీరు, తిట్లు మాత్రం ఎందుకప్పా యెగబడి తీసుకుంటాండారు?”

బస్సు ఎర్రగుంట్ల సిమెంటు లారీల వెనక దుమ్ము మింగుతూ పోతుంటే ఆ తిట్ల కథే చెప్పాడు. దాంతోపాటు ఊపిరి గమనించడం కూడా నేర్పాడు. మీటరుకొక ఊపిరి చొప్పున నేను బట్ట కొలవడం మొదలుపెట్టాను. రెండు నెలలు తిరిగేసరికి కోపం తగ్గిందో లేదో గానీ, నా అంత శాంతపరుడు జిల్లాలో లేడన్న గర్వం మాత్రం బాగా పెరిగింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి విన్నదంతా అత్తకు చెప్పేవాణ్ణి. తిట్ల కథ విని ఆమె, “ఆయప్ప గూడా మనింటోడే అయ్యుంటాడు లేరా, యెవురి దగ్గరా ఏమీ తీసుకోల్యా” అని తేల్చేసింది. కాదత్తా, ఆయన రాజు కొడుకై ఉండీ ఇంటింటికీ వెళ్లి అన్నం అడుక్కుని తిన్నాడని చెబితే నివ్వెరపోయింది. రెండు రోజులు ఆ సంగతి ఎత్తలేదు. మూడో రోజు చేటలో చెనిక్కాయలు, అదే వేరుశనగలు, చెరుగుతూ ఉన్నట్టుండి, “అయితే అన్నం తీసుకున్యాడు, తిట్టు తీసుకోల్యా. అంతే గదా?” అంది. అంతేనన్నాను. అంతకంటే మంచి వ్యాఖ్యానం ఆ తర్వాత ఎంత చదివినా నాకు దొరకలేదు.

ఇంతలో సర్పంచి ఎన్నికలు వచ్చాయి. మా ఊళ్లో పెత్తనం అప్పటికే మరో ఇంటికి మారింది. మిద్దె మీద మిద్దె కట్టిన ఆ ఇంటి పెద్దను, వరస కలిపి, కొత్తింటి పెదనాన్న అనేవాళ్లం. పడిపోయిన ఇల్లయినా మా మాట వినే గడపలు ఇంకా ఇరవై ముప్పై ఉండేవి. మేము ఆయన వైపూ చేరలేదు, అవతలి పార్టీ వైపూ చేరలేదు. మా దగ్గర శత్రువునైనా క్షమిస్తారు గానీ, ఎటూ చేరనివాణ్ణి క్షమించరు. మా తమ్ముడు ఒక్కసారి చెయ్యెత్తితే చాలు, కేసులో ఇరికించి మమ్మల్ని ఊరు విడిపించవచ్చని ఆయన ఎత్తు.

ఒకరోజు కొత్తింటి మనుషులిద్దరు మా అంగటికి వచ్చారు. కావాలని నా ముందే కూర్చుని యాభై చీరలు విప్పించారు. నేను ఊపిరి లెక్కపెట్టుకుంటూ, చిరునవ్వు చెరగనీయకుండా విప్పాను. చివరికి వాళ్లలో పెద్దవాడు, నువ్వే ఒకటి తీసియ్యప్పా అంటే, నా శాంతం మీద నాకే ముచ్చటేసి, అంగట్లోకెల్లా మంచిది, వంగపండు రంగుకు ఆకుపచ్చ అంచు ఉన్నది, నేనే ఏరి, మడిచి, కాగితం చుట్టి ఇచ్చాను. వాళ్లు గడప దాటేదాకా ఆపుకున్న నవ్వు వీధిలో పగిలింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మరునాడు అంగటికి సెలవు. మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆ ఇద్దరే, ఊరంతా చూసేలా నడివీధిలో, నెత్తిన ఇత్తడి తాంబాళం పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పసుపు, కుంకుమ, రెండు డజన్ల గాజులు, వాటి కింద నా చేత్తో నేను ఏరిన చీర. మా సీమలో మగవాళ్లున్న ఇంటికి చీరా గాజులూ పంపడమంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. దానికి జవాబు కత్తితోనే చెప్పాలన్నది పాత లెక్క. వాళ్లు తాంబాళం మా అరుగు మీద పెట్టి, నేర్చుకొచ్చిన పాఠంలా, ఇంట్లో మగోళ్లు కట్టుకునేదానికి పెద్దాయన పంపినాడని అప్పజెప్పారు.

ఆ రోజు నా ఊపిరి ఏ లెక్కకూ అందలేదు. రెండు నెలల శాంతమూ ఒక్క క్షణంలో ఆవిరైపోయింది. అటక మీద జేజినాయన నాటి కొడవలి ఎక్కడుందో గుర్తు చేసుకుంటున్నాను. రాత్రి డ్యూటీ దిగిన తమ్ముడు ఆ మధ్యాహ్నం బస్సుకే వస్తాడు. వాడి కంట ఇది పడితే ఉద్యోగమే కాదు, మనిషే మిగలడు.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తాంబాళం చూసింది. చీర అంచు వేళ్ల మధ్య పట్టి చూసి, మంచి నేతేనంది. తర్వాత ఆ ఇద్దరితో, కొత్తింటాయన తనకు అన్న వరసేననీ, అన్న చెల్లెలి ఇంటికి చీర పెట్టాలంటే తానే వచ్చి పెట్టాలి గానీ మనుషులతో పంపించేది పద్ధతి కాదనీ, అలా వచ్చింది ఈ ఇంట్లో ఎన్నడూ తీసుకోలేదనీ నిదానంగా చెప్పింది. వాళ్లు బిత్తరపోయి తాంబాళం ఎత్తబోతే, ఆమె ఆపింది.

“ఇంత ఎండలో మోసుకొచ్చినారు. కడుపులో ఏమన్నా ఉండాదా లేదా? కాళ్లు కడుక్కోండి. సంగటి తిని పొండి.”

వద్దనడానికి వాళ్లకు నోరు రాలేదు. వద్దంటే భయపడినట్టు, తింటే ఉప్పు తిన్న ఇంటి మీద మళ్లీ చెయ్యెత్తలేరు. ఆకలి ఏ పార్టీదీ కాదు గనక కూర్చున్నారు. రాగి సంగటి ముద్దలు, నేతిగిన్నె, చెనిక్కాయలూ మిరపకాయలూ కలిపి దంచిన ఊరుబిండి. వాళ్లు మొదటి ముద్ద తుంచారో లేదో, తమ్ముడు వచ్చాడు.

వీధిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అరుగు మీద తాంబాళం, నడవలో ఆ ఇద్దరు. వాడి చెయ్యి గోడకు ఆనించిన గడ్డపార మీదికి వెళ్లింది. నేను లేచాను. అత్త మాత్రం తల కూడా ఎత్తకుండా, “నాయనా, వాళ్లకు నీళ్లు పొయ్. సంగటి గొంతుకు అడ్డం పడ్తాంది” అంది.

పసితనం నుంచి ఆ గొంతుకు ఎదురు చెప్పి ఎరగడు వాడు. గడ్డపార వదిలి చెంబు తీసుకున్నాడు. సగం నీళ్లు నేల మీదే పోశాడు. పెద్దవాడు ఆ భయంలో ఊరుబిండి ఒక్కసారే పెద్దగా నోట్లో పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే గుటకలు మింగుతూ అన్నాడు.

“శానా కారముండాదే అమ్మా!”

“మీ పెద్దాయన పంపిండే దానికంటేనా?” అంది అత్త, ఇంకో ముద్ద వేస్తూ.

మొదట నవ్వింది ఆ రెండోవాడు. పొలమారి, దగ్గుతూ, ఆపుకోలేక నవ్వాడు. తర్వాత మా తమ్ముడు. చెంబు పట్టుకునే గోడకు చేరగిలబడి, కిందికి జారి కూర్చుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు. వాడు బతికాడని నాకు తెలిసింది ఆ నవ్వు విన్నాకే.

తిన్న తర్వాత వాళ్లు తాంబాళం నెత్తిన పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లారు. ఆపైన ఆ ఇద్దరూ మా గడప మీదికి ఏ గొడవకూ రాలేదు. ఎవరు రమ్మన్నా, ఆ ఇంటి సంగటి తిన్నామని చెప్పేవాళ్లట. ఇక ఆ చీర సంగతి: తిరిగొచ్చిన తాంబాళం చూసి కొత్తింటి పెద్దమ్మ, ఇంత మంచి చీర నాకు చెప్పకుండా ఎవరికి కొన్నావని మొగుణ్ణి నిలదీసిందట. నీకేనని చెప్పక ఆయనకు తప్పలేదు. ఉరుసుకు ఆమె ఆ చీరే కట్టుకుని వచ్చింది. ఎంచింది ఎవరో తెలిసిన ఊరంతా నా వైపు చూసి ముసిముసిగా నవ్వుతుంటే, నిజం చెప్పాలంటే, ఆ రంగు ఆమెకు బాగా నప్పిందని నాకు గర్వంగానే అనిపించింది. బస్సులో ఈ కథ విన్న అయ్యవారు నవ్వి నవ్వి, బుద్ధుడు చుట్టం తినకపోతే ఏమవుతుందో మాత్రమే చెప్పాడనీ, తింటే ఏమవుతుందో మీ అత్త చెప్పిందనీ అన్నాడు.

ఆ ఎన్నికల్లో చుట్టుపక్కల పల్లెల్లో వాములు కాలాయి, మనుషులు పోయారు. ఒక్క ఇంటి సంగటితో సీమ మారిపోదు. కానీ మా తమ్ముడు అనుకున్న గడువుకే పర్మనెంటు అయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని చదివించుకున్నాడు, అత్త పాడె మోశాడు, నిండు సర్వీసు చేసి రిటైరయ్యాడు.

ఇప్పుడు వాడికి ఫోనే లోకం. పార్టీల గుంపులన్నింటిలోనూ ఉంటాడు. శిబిరం నుంచి వచ్చిన రోజు చూడ్డానికి వెళితే మొహం కందగడ్డలా ఉంది. ఎవరో మా ఇంటిని, జేజినాయనను కూడా కలిపి తిట్టి ఊరంతటికీ పంపారట. తీసుకోవద్దురా, వాడిది వాడికే వదిలేయమన్నాను. వాడు ఫోను నా ముందు పెట్టి దిగులుగా అన్నాడు.

“అది సరేన్నా. వాడు ఎండలో నడిచొచ్చింటే సంగటన్నా పెడుదును. వీనికి మొగమూ లేదు, కడుపూ లేదు. యెవురికి పెట్టేది?”

ఆ రోజుల్లో అవమానానికైనా ఒక మనిషి కావలసి వచ్చేవాడు. వాడికి ఎండ తగిలేది, ఆకలి వేసేది, కారానికి కళ్ల నీళ్లు వచ్చేవి. ఆ రోజులు మంచివని నేననను, మామను నరికిన రోజులవి. కానీ పగవాడు అన్నం తినే దూరంలో ఉండేవాడు. ఇప్పుడు కత్తులు తగ్గాయి, సంతోషమే. ఆ దూరం మాత్రం ఎంత పెరిగిందో కొలవడానికి, ఇన్నేళ్లు బట్ట కొలిచిన నాకే చేతకావడం లేదు.