నాన్న ఇల్లు చూపించే పద్ధతి

ఇల్లు కొనడానికి ఎవరైనా వస్తున్నారంటే నాన్న ముందు చొక్కా జేబు తడుముకునేవాడు, సుద్దముక్క ఉందో లేదోనని.

రాయపూర్‌లో వ్యాగన్లు రిపేరు చేసే రైల్వే వర్క్‌షాపులో ఆయన ఉద్యోగమంతా అదే. షెడ్డులోకి వచ్చిన ప్రతి వ్యాగన్ చుట్టూ తిరిగి, ఎక్కడ ఏం పాడైందో అక్కడ సుద్దతో గీత పెట్టాలి. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. మా ఇంటినీ వ్యాగన్‌లాగే చూపించేవాడు. ఈ గోడకి వానాకాలంలో చెమ్మ వస్తుందని గోడ మీద ఒక గీత. ఎండాకాలం బోరులో నీళ్లు తగ్గుతాయని పంపు పక్కన ఇంకో గీత. ఇదంతా హిందీలో, ఎంతో ఓపిగ్గా.

ఆ రోజు వచ్చిన జంట ఇల్లంతా నవ్వుతూ తిరిగారు. రెండో గీత దగ్గర నవ్వు పోయింది. "సోచ్‌కే బతాతే హై, అంకుల్" అని చెప్పులేసుకున్నారు. ఆలోచించి చెబుతామన్న వాళ్లెవరూ అంతవరకూ మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

"నాన్నా, నీకసలు ఇల్లు అమ్మాలనుందా లేదా?" వాళ్లు గేటు దాటకముందే అరిచాను.

"అమ్మాలనే సూపిస్తన్నాను కదేటి."

"చూపించడం కాదు, తగలెట్టడం! తన మాలు కరాబ్ అని ఎవడైనా తనే చెప్తాడా?"

"రేపెప్పుడో తెలిస్తే ఆడు మన గుమ్మం కాడికొచ్చి గొడవెట్టడేటి?"

"వచ్చినప్పుడు చూద్దాం. ముందు కొననియ్యి!"

అమ్మ తడిగుడ్డతో గీతలు తుడుస్తోంది. "ఇద్దరూ కలిసి బాగానే తరిమేసినారు. ఆయన సుద్దతోటి, నువ్వు నోటితోటి. ఈదీదంతా, మొహల్లా అంతటికీ ఖబర్ అయిపోనాది."

నేను పుట్టి పెరిగింది వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లో. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి కాబట్టి, ఆరంగ్ వెళ్లే రోడ్డు వైపు ఒక కొత్త కాలనీలో నాన్న లోను మీద ఇల్లు కొన్నాడు. పెన్షన్ తిండికి, నా జీతం కిస్తీకి అని ఏర్పాటు. అంతలో నేను పనిచేసే కంపెనీ రాయపూర్ ఆఫీసు మూసేసింది. తర్వాత దొరికిన ఉద్యోగంలో జీతం సగం, కిస్తీ మాత్రం మొత్తం. అమ్మేసి లోను తీర్చేద్దామనుకున్నాం. ఈలోగా కిస్తీలు ఆగిపోతే బ్యాంకు ఇల్లు వేలం వేస్తుంది, నాన్న సర్వీసంతా కూడబెట్టి పెట్టిందీ పోతుంది. రాత్రీ పగలూ నా బుర్రలో తిరిగేది ఇదొక్కటే.

నేను ఫోన్‌లో చెమ్మ గోడ కనిపించకుండా ఫోటోలు తీసి, ఇళ్లు అమ్మే యాప్‌లన్నిటిలో పెట్టాను. ఇంకొకాయన చూస్తానంటే, నాన్నని పాత కాలనీలో ఒక పెళ్లికి పంపేశాను. ఆ మనిషి గోడలవైపు కన్నెత్తి చూడలేదు. సోఫాలో కూర్చుని, "మజ్‌బూరీ మే హో నా, బేటీ?" అన్నాడు. గతిలేక అమ్ముకుంటున్నారు కదా, అని. బ్యాంకు బాకీలో సగం కూడా రాని ధర చెప్పాడు. లేవమన్నాను. లేవలేదు. ఆ తర్వాత నేనన్న మాటలకి లేచాడు.

"మీ నాన్న కాడ ఓ కప్పు చాయైనా తాగి ఎల్తారే. నీ కాడ అదీ లేదు," అంది అమ్మ.

కిస్తీలు రోజులు దాటి కడుతుండటంతో అప్పటికే బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఎత్తొద్దనేవాడు నాన్న. ఎత్తితే డబ్బు అడుగుతారని ఆయన భయం, ఎత్తితే తిట్టేస్తానని నా భయం. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో వెతికితే ఎక్కడ చూసినా ముందు ఒకటే మాట: కిస్తీలు ఆగకముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడండి. నాన్నని స్కూటీ ఎక్కించుకుని వెళ్లాను.

ఆఫీసరు నా వయసువాడే. స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా చెప్పాడు. లోనులో నా పేరు కూడా ఉంది కాబట్టి గడువు పెంచొచ్చు, కిస్తీ తగ్గుతుంది, మొత్తం వడ్డీ పెరుగుతుంది. ఇల్లు అద్దెకిచ్చి, చవకైన చోటికి మారొచ్చు. లేదా వచ్చిన ధరకి అమ్మేసి, మిగిలిన బాకీ కడుతూ ఉండాలి.

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదా?" నా గొంతు లేచింది.

"ఫోన్ తో కర్ రహే థే, మేడమ్."

చేస్తూనే ఉన్నారు. ఎత్తనిది మేమే.

నాన్న ఒక్కటే అడిగాడు, నన్ను, తెలుగులో. "అద్దెకిస్తే ఇల్లు మనదే కదమ్మా?"

"మనదే నాన్నా."

గడువు పెంచుకున్నాం. ఇల్లు కాకినాడవైపు నుంచి వచ్చిన నర్సుకీ ఆమె భర్తకీ ఇచ్చి, గుఢియారీలో రైలు పట్టాల పక్కన రెండు గదుల్లోకి మారాం. అద్దె, నా జీతం కలిపితే కిస్తీ వెళ్లిపోతోంది, అంతే. ఏ నెలయినా ఒంట్లో బాగోలేక సెలవు పెట్టాలంటే భయం. యాప్‌ల్లోంచి ఇల్లు మాత్రం తీసెయ్యలేదు.

మొన్న భిలాయి నుంచి ఒక కుటుంబం ఫోన్ చేసింది. ఆదివారం చూస్తామన్నారు. నేను నర్సుకి ఫోన్ చేశాను.

"అక్కా, ఆదివారం ఒకళ్లకి ఇల్లు చూపించుకోవచ్చా?"

"ప్రార్థనయ్యాక రండమ్మా." పెట్టేసేముందు అడిగింది. "అమ్మేస్తే మమ్మల్ని వెంటనే వెళ్లిపొమ్మంటారా? పాపని ఇప్పుడే బళ్లో వేశాం."

"తెలీదక్కా," అన్నాను. నిజంగానే తెలీదు.

ఆదివారం భిలాయి వాళ్లకంటే నేనూ నాన్నా కాస్త ముందే వెళ్లాం. మా గేటు గొళ్లెం బయట నుంచి చెయ్యి పెడితే వచ్చేస్తుంది. నాన్న చెయ్యి పెట్టలేదు. ఇస్త్రీ చొక్కాలో ఎండలో నిలబడి బెల్లు నొక్కాడు. లోపల కుక్కరు కూత పెడుతోంది, ఎవరూ రాలేదు.

"పద నాన్నా, లోపలికి."

"ఆగమ్మా. ఆళ్లు పిలవనీ."

చొక్కా కాలరు సర్దుకుని ఇంకోసారి నొక్కాడు.