మిద్దె మీద తీతువు పిట్ట

దవాఖానోళ్లు "ఇగ ఇంటికి తీస్కపోండ్రి" అన్నంక, మా నాయినను అమరచింత దగ్గరున్న మా ఊరికి తెచ్చుకున్నం. ఉగాది దాటింది, ఎండలు ముదురుతున్నయి. వనపర్తిల పిల్లలను మా అత్తకు అప్పజెప్పి నేనొచ్చిన.

వచ్చిన మర్నాడే మిద్దె మీద తీతువు పిట్ట అరిసింది. అమ్మ చేతుల చెంబు కింద పడ్డది. తీతువు ఇంటి మీద కూస్తే పానం పోతదని మా దిక్కు భయం. "దీని నోట్ల మన్ను పడ! నా ఇల్లే దొరికిందా దీనికి?" అనుకుంట కట్టె పట్టుకొని మెట్లెక్కింది. ఎనుక నేను ఉరికిన.

ఇల్లు కట్టంగ మిగిలిన కంకర మిద్దె మీద పరుచుకొని ఉంది. అండ్ల నాలుగు గుడ్లు, మచ్చలు మచ్చలు, రాళ్ల తీరే ఉన్నయి. పిట్ట మా నెత్తుల మీద తిరుక్కుంట ఒకటే మొత్తుకుంటుంది. "అవి తీసి అవతల పారెయ్యి" అన్నది అమ్మ. నాకు కోపమొచ్చింది. "నాయినకు పిట్టతోనొచ్చిందా రోగం? ఏం మాట్లాడుతున్నవే?" అని కొట్లాడిన. మా లొల్లి విని కింద నుంచి నాయిన పిలిసిండు.

"దాన్నేమనకుర్రి" అన్నడు. గొంతు లేస్తలేదు. "ఎన్నడన్న మిద్దె ఎక్కిందా అది? మన చెల్కల పెడుతుండె గుడ్లు. ఇప్పుడు చెల్కనే లేకపాయె. యాడికి పోవాలె?"

నిజమే. కాలువ రాకముందు మాది గులకరాళ్ల చెల్క. నాయిన జొన్నలు, ఆముదాలు ఏస్తుండె. దున్నేటప్పుడు గుడ్లు కనవడితే ఎడ్లను పక్కకు మళ్లించి, చాటంత జాగ ఇడిసిపెడుతుండె. "ఆ పిట్టకు పట్టా జేసిచ్చినవా ఏంది?" అని అమ్మ ఎక్కిరిస్తుండె. కాలువ నీళ్లొచ్చినయి. రాళ్లేరినం, వరి నాటినం, మిద్దె కట్టుకున్నం. అందరం సంబురపడ్డం, నాయిన గూడ పడ్డడు. పిట్ట సంగతి ఎవరికి యాదికుంటది?

అమ్మ కట్టె దించింది గని భయం పోలేదు. పిట్ట అరిసినప్పుడల్ల ఉరికొచ్చి నాయిన ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తుండె.

ఎండకు నాయిన ఒళ్లు కాలిపోతుండె. అమ్మ తువ్వాల తడిపి తుడుస్తుండె, ఆరంగనే మళ్ల తడుపుతుండె. ఒకనాడు బట్టలారేయనీకి పైకి పోయి ఆడనే నిలవడ్డది, నన్ను సైగజేసి పిలిసింది. పిట్ట వరిమడి కాడికి పోయి రొమ్ము తడుపుకొనొచ్చి గుడ్ల మీద కూసుంటుంది. ఆరంగనే మళ్ల పోతుంది. అమ్మకు కండ్లల నీళ్లు తిరిగినయి. "నా తీరే తిప్పల పడుతుంది గద ఇది" అన్నది. ఆనాటి సంది మూకుట్ల నీళ్లు పోసి మిద్దె మీద పెట్టుడు షురూ చేసింది.

నాయిన ఒక పగటీలి పోయిండు. తువ్వాల అమ్మ చేతులనే ఉంది.

వచ్చినోళ్లల్ల పక్కింటామె, "తీతువు కూసినప్పుడే అనుకున్న" అన్నది. ఏడుస్తున్న అమ్మ ఇంతెత్తున లేసింది. "ఇయ్యాల అది నోరే తెరువలే! నా మొగడు పోయింది రోగంతోని. పిట్టనేమన్న అంటే బాగుండది!"

పెద్దకర్మ అయిన తెల్లారి గుడ్లు పగిలి పిల్లలయినయి. అప్పుడే మిద్దంత ఉరుకుతున్నయి, అంచు కాడికొచ్చి కిందికి చూస్తున్నయి. కింద సీసీ రోడ్డు, దుంకితే సస్తయి. రాళ్ల నేల యాడుందని అమ్మ, నేను ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. ఎటు చూసినా వరి. ఊరికంతటికి ఎండు జాగ ఒక్క బొందలగడ్డనే మిగిలింది. నాయినను పెట్టింది గూడ అండ్లనే.

పిల్లలను చాటల పెట్టుకొని అమ్మ నడిసింది. తల్లిపిట్ట మా మీదికెల్లి మొత్తుకుంట వచ్చింది. నాయిన మన్నుకుప్ప పక్కన ఇడిస్తే, నాలుగూ రాళ్లల్ల కలిసిపోయి మళ్ల కనవడలే. పిట్ట దిగి, వాటి దగ్గర గమ్మున నిలవడ్డది.

అమ్మ కూలవడి ఏడ్సింది.

"అరువే" అన్నది దాన్ని చూసి. "ఊకున్నవేంది? జర గట్టిగ అరువు. ఆయనకు నీ గొంతు తెల్సు."