తూర్పుకు పొమ్మన్న మొక్కు

నా చిన్నప్పుడు, మా మార్కాపురాన్ని కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన రోజుల్లో, మా మేనత్తకు ముత్యాల గర్భం వచ్చింది. అందులో బిడ్డ ఉండదు. బిడ్డకు తిండి అందించాల్సిన మాయ నీటిబుడగల గుత్తులుగా పెరిగిపోతుంది. రక్తం పోయి మనిషి సగమైంది. అలాంటిదానికి ముత్యాలని పేరు పెట్టినవాడి మీద నాకు ఇప్పటికీ గౌరవం లేదు.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపు శుభ్రం చేసి, మా జేజిని, అంటే మా నాయన తల్లిని, కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచి బాగానే ఉంది. ముందుముందు బిడ్డలు పుడతారు, ఇలాంటిది మళ్ళీ రావడం అరుదు. కానీ ఒక ఏడాది గర్భం రాకూడదు. నెలనెలా వచ్చి మూత్రం పరీక్ష చేయించుకోవాలి. రోగం లోపల ఏమైనా మిగిలితే ఆ పరీక్షలోనే బయటపడుతుంది. ఈలోగా గర్భం వస్తే పరీక్ష రెండింటికీ ఒకే జవాబు ఇస్తుంది, రోగమో బిడ్డో తెలియదు. తెలిసేసరికి ప్రాణం మీదికి రావచ్చు.

ఇది చదువురాని మా జేజికి అర్థమైంది. పదేళ్ళ నాకూ అర్థమైంది. గిద్దలూరులో పెద్ద బట్టల దుకాణం నడిపించే మా మేనత్త అత్తగారికి మాత్రం అర్థం కాలేదు.

నెల తిరగకముందే ఆమె కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "డాక్టర్లకేం తెలుసు వదినా? ఇప్పుడు కాపురానికి పంపితే కడుపు నిలుస్తాది. ఏడాది ఎండబెడితే ఏం నిలుస్తాది? మావాడికేం సంబంధాలు లేక కాదు," అంది. కొడుకు ముప్పై ఏళ్ళవాడు. తల్లి మాట మాటకూ తలాడిస్తూ కాఫీ చల్లార్చుకున్నాడు. మా మేనత్త తలుపు వెనక కూర్చుని అంతా విన్నది.

జేజి డాక్టరమ్మ మాటను నాలుగు రకాలుగా చెప్పి చూసింది. ఫలితం లేదు. వాళ్ళను ఆ రాత్రికి ఉండమని, మరునాడు పొద్దున్నే నన్ను తీసుకుని దోర్నాల బస్సెక్కింది. శ్రీశైలం యాత్రికులు ఆగే హోటల్లో ఇద్దరం దోశలు తిన్నాం. పక్క అంగట్లో విభూతి పొట్లం, పసుపు గుడ్డ కొన్నది. తిరుగు బస్సులో వచ్చేశాం. దోర్నాలలో జరిగింది అంతే.

ఇంటికి రాగానే జేజి అందరికీ విభూతి పెట్టింది. "అడవిలోంచి వచ్చిన జంగమయ్య కనపడినాడు వదినా. నేను అడగకముందే అంతా చెప్పినాడు. ఏడాది పాటు మొగుడూ పెళ్ళాం ఎడంగా ఉండాలంట. నెలకొకసారి పిల్ల తూర్పుకు పోయి రావాలంట."

"తూర్పుకంటే ఎంత దూరం?"

"గుంటూరు దాకా," అంది జేజి. నవ్వలేదు.

అత్తగారు లెంపలేసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఏమ్మే, సామి ఎట్ల ఉన్నాడే?" అని అడిగింది. అబద్ధం పాపమని బడిలో రోజూ చెప్పేవాళ్ళు. తలుపు వెనక నుంచి మా మేనత్త నన్నే చూస్తోంది.

"పెద్ద గడ్డం ఉండింది అవ్వా," అన్నాను.

ఆ ఏడాదంతా నేను మా మేనత్తకు తోడుగా గుంటూరు వెళ్ళాను. ఒక నెల ఆమెకు జ్వరం వస్తే, "తూర్పు తప్పితే ఎట్ల?" అని ఆ అత్తగారే వచ్చి మమ్మల్ని రైలెక్కించింది. డాక్టరు పేరెత్తితే మొహం తిప్పుకున్న మనిషి! మా పక్కింటావిడ ఆ జంగమయ్యను తానూ చూశానని, గడ్డం మోకాళ్ళ దాకా ఉంటుందని ఊరంతా చెప్పింది. బిడ్డలు లేనివాళ్ళు ఆయన కోసం దోర్నాల బయలుదేరితే జేజి ఆపి, "ఆయన ఇప్పుడు గుంటూరులో ఉన్నాడు" అని ఆసుపత్రికి దారి చెప్పేది.

ఒకరోజు శనక్కాయలు ఒలుస్తూ, అబద్ధం చెప్పినాము కదా అని జేజిని అడిగాను.

"మాట డాక్టరమ్మది, గడ్డం నీది. నాదేముందే అందులో?" అంది. కాసేపటికి, "ఆయమ్మ మాట ఆయమ్మ మాటగానే చెప్పినా. వినినారా వాళ్ళు?" అంది. అప్పుడామె గొంతులో వేళాకోళం లేదు.

పరీక్షలన్నీ బాగా వచ్చాయి. ఏడాది నిండాక డాక్టరమ్మ సరేనంది. మరుసటి ఏడు మా మేనత్త కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ గుండె వినపడుతోందని డాక్టరమ్మ చెప్పాకే ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆడపిల్ల పుట్టింది, తర్వాత మగపిల్లవాడు. కాన్పయ్యాక మరోసారి పరీక్ష చేయాలంటే జంగమయ్య మళ్ళీ తూర్పుకు పొమ్మన్నాడు.

మా మేనత్త పోయిన నెల చనిపోయింది. పెద్దకర్మ రోజు గిద్దలూరులో ఆమె మనవడు జంగమయ్య మహిమ చెప్పాడు. చదువుకున్నవాళ్ళే చేతులు జోడించారు. ఎవరూ ఆసుపత్రి ఊసెత్తలేదు. నాకు వాళ్ళ ముఖాలు చూడబుద్ధి కాలేదు.

నిజాన్ని దాని యజమాని చెబితే తోసేసి, అసలు లేని మనిషి చెబితే కళ్ళకద్దుకునే జనం ఉంటారని దోర్నాల నుంచి తిరిగొచ్చిన ఆ రోజు నేర్చుకున్నాను. వాళ్ళతో అవసరం పడినప్పుడల్లా జేజి ఉపాయమే వాడాను, ప్రతిసారీ పని జరిగింది. వాళ్ళ మీద చిన్నచూపు మాత్రం ఇంకా అలాగే ఉంది. ఆ చిన్నచూపులో నాకూ వాటా ఉంది. ఏడాది పాటు నెలనెలా ఆ డాక్టరమ్మ గది ముందు బల్ల మీద కూర్చున్నాను. ఆమె పేరేమిటో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.