‘ఇక్కడ దిగండి’

గిద్దలూరు వైపు నల్లమలలో నేను డిప్యూటీ రేంజి ఆఫీసరుగా పనిచేస్తున్న రోజులవి. రిటైర్మెంటుకు ఇంకా పది నెలలున్నాయి. డిసెంబరు మొదటి వారంలో పైనుంచి ఒక అనుమతి పత్రం వచ్చింది. బాగా అనుభవమున్న ఆరుగురు సైకిలిస్టులు కొండమీది నుంచి అడవిగుండా కిందికి సైకిళ్ల మీద వస్తారు, వారికి దారి చూపించాలి. ఎక్కడానికి జీపు, దిగడానికి సైకిలు. ఎక్కడానికి పనికిరాని సైకిలు ఎందుకు కొన్నారో నాకు అర్థం కాలేదుగానీ, అర్థం చేసుకోవాలన్న షరతు ఆ పత్రంలో లేదు.

ఉన్న షరతులు పద్నాలుగు. పదకొండోది ముఖ్యం. ఎవరికైనా దెబ్బ తగిలితే మార్గదర్శి సంజాయిషీ ఇచ్చుకోవాలి. మార్గదర్శి నాగన్న. ప్రొటెక్షన్ వాచరు, అంటే అడవిలో అందరికంటే ఎక్కువ నడిచి, ఆఫీసులో అందరికంటే కింద ఉండేవాడు. పైగా తాత్కాలిక ఉద్యోగి. నాబోటి పర్మనెంటువాణ్ణి సంజాయిషీ అడిగితే ఫైలు నడుస్తుంది, వాచరును అడిగితే మనిషే ఇంటిదారి పడతాడు. నాగన్నకు యాభై దాటాయి. ఇంటిల్లిపాదికీ ఆ ఉద్యోగమే ఆధారం.

ముందురోజు మేమిద్దరం దారంతా నడిచి చూశాం. అది పాత కూపు రోడ్డు, ఒకప్పుడు నరికిన వెదురును లారీల్లో కిందికి చేర్చిన దారి. సగం దూరం బాగానే ఉంది. ఒక మలుపు దాటగానే మాత్రం వానలకు దారి తెగి నిలువెత్తు లోతున వంక పడింది. అక్కడ అందరూ సైకిలు దిగి, పక్కనున్న కాలిబాటన నడిచి దాటాలని నిర్ణయించాను. రేకు బోర్డు చేయించే వ్యవధి లేదు. మార్కాపురం నుంచి ఎప్పుడో తెచ్చిన పెద్ద పలకరాయి ఒకటి ఆఫీసు వెనక పడి ఉంది. వంక ముందు బోర్డుగా నిలబెట్టడానికి దానిమీద తెల్లరంగుతో ‘ఇక్కడ దిగండి’ అని రాయమన్నాను.

నాగన్న కుంచె పట్టుకుని ఆగిపోయాడు.

“యాడికి దిగాల సారూ? సైకిలు మిందనుంచా, వంకలోకా?”

ముప్పై ఐదేళ్లు ఆఫీసు నోట్లు రాసి తలపండినవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. కండక్టరు దిగమంటే జనం బస్సు దిగుతారా, బావిలోకి దిగుతారా అని కసిరాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. రేపు వంక అవతల నిలబడి బోర్డులో ఉన్న మాటే చెప్పాలి, సొంత మాటలు కలపకూడదు అని ఆదేశం కూడా ఇచ్చాను.

మర్నాడు హైదరాబాదు నుంచి ఆరుగురూ వచ్చారు. బృందానికి పెద్ద సుచరిత అనే ఆవిడ. మరొకాయన ఎముకల డాక్టరు. ముందుచూపున్న బృందమే అనుకున్నాను. జీపులో వాళ్లు ‘ఆ బండ మీదనుంచి దిగినప్పుడు’, ‘అంత నిటారుగా ఎవరు దిగుతారు’ అని కబుర్లు చెప్పుకున్నారు. వాళ్ల లెక్కలో దిగడమంటే సైకిలు మీదనుంచి కాదు, సైకిలుతో సహా. అదంతా విన్నాను, బుర్రకెక్కలేదు.

వాళ్లిచ్చిన సైకిలు మీద నాగన్న ముందు, వెనక ఆరుగురు, చివర, ముందే పైకి తెప్పించి ఉంచిన మోటారు సైకిలు మీద నేను. వంక దగ్గర నాగన్న అవతలికి చేరి ఈల వేసేదాకా మిగతావాళ్లు మలుపుకు ఇవతలే ఆగాలి. ఆగారు. ఈల వినిపించింది. వెంటనే “దిగండి! దిగండి!” అని కేక.

సుచరిత మలుపు తిరిగి బోర్డు చదివింది. “ఇక్కడే దిగమంటున్నారు, రండి!” అని బ్రేకులు వదిలి వంక మీదుగా ఎగిరి అవతల వాలింది, సైకిలు మీదే. రెండోవాడూ అంతే. మలుపు దాకా వచ్చి చూసి నేను ఆగండని అరిచాను, ఇంజను హోరులో నాకే వినపడలేదు. నాగన్న రెండు చేతులూ కిందికి ఊపుతూ ఇంకా గట్టిగా అదే మాట అరిచాడు. వేరే మాట అనకూడదు కదా. మూడోవాడు డాక్టరు. ఆయన సైకిలు అవతలికి చేరింది, ఆయన చేరలేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నాగన్న వంకలోకి దూకి ఆయన్ను ఎత్తుకొచ్చాడు. డాక్టరు తన భుజం తానే తడిమి చూసుకుని, ఎముక విరిగిందని ప్రకటించాడు. గిద్దలూరులో తీసిన ఎక్స్‌రే ఆయనతో ఏకీభవించింది.

మర్నాడు వాంగ్మూలాలు నమోదు చేశాను. మార్గదర్శి దిగమన్నాడు, దిగాం అని ముగ్గురూ, ఆ మాట విన్నామని మిగతా ముగ్గురూ నిజమే రాశారు. నాగన్నను అడిగితే, “అన్న మాట నిజమే గదా సారూ. ఎట్ల రాయాల్నో మీరే రాయండి, సంతకం పెడ్తా” అన్నాడు. నా పేరెత్తలేదు.

‘మార్గదర్శి తొందరపాటు’ అని రెండు ముక్కలు రాస్తే ఫైలు మూసుకుపోతుంది. నా సర్వీసు రిజిస్టరులో అంతవరకు మచ్చ లేదు. రిటైరయ్యే వేళకు విచారణ తేలకపోతే పెన్షను ఆగుతుంది. దాచడమెందుకు, భయం వేసింది. ఫైలు రెండు రోజులు నా బల్లమీదే ఉంది. ఆ రెండు రోజులూ నాగన్న రోజూలాగే వచ్చి నమస్కారం పెట్టి అడవిలోకి వెళ్లాడు. నాకు సిగ్గేసింది.

మూడోరోజు రాశాను. బోర్డు మీద మాట నాది. అది స్పష్టంగా లేదని వాచరు ముందే అడిగాడు, నేను వినలేదు. మరో మాట అనవద్దన్న ఆదేశమూ నాదే. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన రేంజి ఆఫీసరు చదివి, ఇంత వివరం అవసరమా అన్నారు. అవసరమేనన్నాను.

నాకు మందలింపు వచ్చింది. శిక్షల్లో అన్నిటికంటే చిన్నది, సర్వీసు రిజిస్టరులో ఒక పంక్తి. నాగన్న ఉద్యోగం నిలిచింది. కొత్త బోర్డుకు మాట అతన్నే అడిగాను. “సైకిలు చేతబట్టుకోని నడ్సిపోవాల” అన్నాడు. చివర ‘వలెను’ మాత్రం నేను తగిలించాను. పాత అలవాటు.

బోర్డు మీద రాసే మాటను దాని పక్కన నిలబడబోయేవాడికి ముందు వినిపించాలి. అతను ప్రశ్న అడిగితే జవాబు చెప్పకూడదు, బోర్డు మార్చాలి. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. మందలింపు ఉత్తర్వులో తేదీ ఉంది, నా హోదా ఉంది, నేను చేసిన తప్పు ఉంది. నాగన్న అడిగిన ప్రశ్న లేదు. అందుకని ఇక్కడ రాసి ఉంచుతున్నాను: యాడికి దిగాల సారూ?