లాగ్‌బుక్‌లో నేర్చుకున్న వెంటిలేటర్

మీ ఇంటి మనిషికి ఊపిరి అందనప్పుడు వెంటిలేటర్ దగ్గర నిలబడ్డ నర్సు ఆ పని ఎక్కడ నేర్చుకుందని మీరెప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. అడిగిన పిల్ల నోరు కూడా మూయించాను.

ఆమె మా అక్క కూతురు. ప్రొద్దుటూరులో ఉంటూ ఎమ్మెస్సీ నర్సింగ్ చదివేది. ఐసీయూ రోగుల సేవ ఆమె ప్రత్యేక విభాగం. చివరి పరీక్షల ముందు ఒక ఆదివారం లాగ్‌బుక్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రోగి దగ్గర చేసిన ప్రతి పనినీ అందులో రాసి, టీచరు చేత సంతకం పెట్టించుకోవాలి.

"శానా సంతకాలుండాయే! ఇన్ని పనులు చేసినావా?" అన్నాను మురిసిపోతూ.

"యాడ మామా! రెండేండ్లూ మాతో బీఎస్సీ పిల్లోళ్లకు పాఠాలు చెప్పించినారు. వెంటిలేటర్‌ను అద్దం బయట నుంచి చూసినా. నిన్న అందర్నీ వరసగా కూచోబెట్టి ఒక్క పూటలో సంతకాలు గీకేసినారు. బిర్యానీ గూడా పెట్టినార్లే."

నవ్వి, సంచిలోంచి ఒక కాగితం తీసింది. నర్సింగ్ కౌన్సిల్‌కు రాసిన ఫిర్యాదు. "నువ్వు గూడా సంతకం పెట్టు మామా. మీటింగుల్లో అంత మాట్లాడ్తావు గదా!"

చదివాను. రెండు వాక్యాలు దిద్దాను కూడా. "ముందు పాసవ్వు పాపా. పట్టా చేతికొచ్చినాంక కొట్లాడుదాం" అన్నాను, సంతకం పెట్టకుండానే కాగితం తిరిగిచ్చేస్తూ.

"పట్టా వచ్చినాంక ఎవురు కొట్లాడ్తారు మామా?"

జమ్మలమడుగు హేతువాద సభల్లో తాయెత్తులు కట్టేవాళ్లను ఆధారం చూపమని నిలదీసినవాణ్ణి. చేయని పనికి పెట్టిన సంతకాన్ని మాత్రం ఆధారంగా ఒప్పుకున్నాను. తాయెత్తుకూ దానికీ తేడా ఏముంది?

పాసైంది. పులివెందులలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకు ఇన్‌ఛార్జిగా చేరింది. మొదటి వారంలోనే వెంటిలేటర్ అలారం మోగితే ఏం చేయాలో తెలియక నిలబడిపోయిందట. ఆమె కింద పనిచేసే, డిప్లొమా మాత్రమే చదివిన పెద్దామె పరుగున వచ్చి, గొట్టంలో చేరిన నీళ్లు వంచేసింది. రోగికి ఏమీ కాలేదు.

"ఏం మేడమ్, ఎమ్మెస్సీలో ఇది జెప్పలేదా?" అందట పెద్దామె.

నెల తిరక్కుండా మా పిల్ల ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఒక కాలేజీలో అదే విభాగం పాఠాలు చెబుతోంది.

"నేను నేర్చుకోనిదే నేర్పిస్తాండా మామా" అంది మొన్న. ఆ రోజు నేను సంతకం పెట్టి ఉంటే వ్యవస్థ మారేదని చెప్పను. ఆమె మాత్రం ఒంటరి అయ్యేది కాదు.

మీ ఇంట్లో నర్సింగ్ పీజీ చదివే పిల్ల ఉంటే ఈ రోజే కూర్చోబెట్టి అడగండి, ఏ రోగి పక్కన నిలబడి నేర్చుకుందో. నేర్చుకోలేదంటే ఆమెతో కలిసి కౌన్సిల్‌కు రాయండి. ఐసీయూలో రోజూ పనిచేసే నర్సే రోగి మంచం పక్కన పరీక్ష పెట్టాలని అడగండి. మీ పిల్ల పరీక్షలు అయ్యేదాకా ఆగకండి.