సూదిపిట్ట లెక్క

కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికే మనిషిని మాస్టారని పిలవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన చదివిందే తొమ్మిదో తరగతి, అదీ రెండు దండయాత్రల్లో. కానీ నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద పార్కులో ఆదివారం పొద్దున్నే మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని పిట్టల కోసం తిరిగే గుంపు ఒకటుంది. పదిపన్నెండు మంది. బ్యాంకు ఆఫీసరు ఉన్నాడు, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆవిడ ఉంది, ఆస్పత్రి నర్సు ఉంది. వాళ్లందరికీ గురువు ఈయన. ఇరవై ఏడేళ్లుగా ఆ పార్కులో ఏ పిట్ట ఎప్పుడొచ్చిందో, ఎన్ని వచ్చాయో రాసిన పుస్తకాలు ఆయన దగ్గరే ఉన్నాయి. అందుకని మాస్టారు.

ఆయన గొప్పంతా చెవుల్లో ఉండేది. దుకాణానికి మిషను తెస్తే ముట్టుకునేవాడు కాదు. "తొక్కమ్మా" అని కళ్లు మూసుకునేవాడు. నాలుగు తొక్కులు విని, "బెల్టుది కాదు, షటిల్ దగ్గర నూనె ఎండిపోయింది" అని తేల్చేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. పార్కులోనూ అంతే. మిగతావాళ్లు మెడలు విరిగేలా కొమ్మల్లోకి చూస్తుంటే, ఆయన నేలచూపులు చూస్తూ నడిచి, "కుడి పక్క రెండో చెట్టు, రెండున్నాయి, ఒకటి పిల్ల" అనేవాడు.

ఆ చెవులకు అసలు పని పార్కు వెనక మూల ఉండేది. పాడుబడ్డ పంపుహౌసు వెనకాల ఎకరన్నర చిట్టడవి. ముళ్లకు భయపడి తోటపని వాళ్లు కత్తెర పట్టుకుని అటు వెళ్లరు కాబట్టి తీగలూ పొదలూ పొట్టిచెట్లూ ఒకదాన్నొకటి పెనవేసుకుని, చూపు రెండు మూరలు దాటనివ్వవు. అక్కడ పిట్టల్ని చూడలేం, వినాల్సిందే. బొటనవేలంత ఉండే చిన్న చిన్న పిట్టలన్నీ అక్కడే చేరతాయి. వాటిలో ఒకదాని గొంతు చెవిలో సూది దించినట్టు సన్నగా, పదునుగా ఉంటుంది. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది. మాస్టారు తన వృత్తిలోంచి ఒక పేరు తీసి సూదిపిట్ట అన్నాడు, గుంపులో అదే ఖాయమైపోయింది.

గుంపుకి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ఏం విన్నా, మాస్టారు తల ఊపితేనే పుస్తకంలోకి ఎక్కాలి. ఇది అహంకారంతో పెట్టిన నియమమని అనలేం. పిట్టల పిచ్చి కొత్తగా పట్టినవాళ్లకు లేనివి కూడా వినిపిస్తాయి, ఆయన చాలామందిని చూశాడు. కాకపోతే ఆయనకు ముక్కు మీద కోపం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే, నాలుగోది చేతికిచ్చినా ఒప్పుకోడు. నర్సు గుంపులో చేరిన నెలలోనే ఆ రుచి చూసింది. చిట్టడవి దగ్గర నిలబడి, "సూదిపిట్టలు ఏడున్నట్టున్నాయి మాస్టారూ" అంది పాపం, ఉత్సాహంగా.

"ఎన్నీ? ఉన్నవి మూడు. వినపడింది రాయాలి గానీ వినాలనుకున్నది కాదు. ఆస్పత్రిలో జ్వరాలు కూడా ఇలాగే రాస్తావా అమ్మాయ్?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల ముఖం కందిపోయింది. ఆ తర్వాత గుంపుని వదల్లేదు, ఒక్క ఆదివారం మానలేదు. కానీ మాస్టారి లెక్కకు మళ్లీ ఎదురు చెప్పలేదు. ఆమే కాదు, ఆ నవ్వు విన్న ఎవరూ చెప్పలేదు. ఇది జరిగి ఆరేళ్లు. ఆ రోజు ఎవరి లెక్క నిజమో ఇప్పుడు తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఆ మరుసటి ఏడు నుంచే చిట్టడవి లెక్క తగ్గడం మొదలైంది. ఒకప్పుడు ఒక్క పొద్దుటి నడకలో ఇరవై తొమ్మిది రకాలు రాసిన చోట ఇరవై రెండయ్యాయి. తర్వాత పదిహేడు. సూదిపిట్ట ముందు పల్చబడింది, తర్వాత పుస్తకంలోంచి పూర్తిగా మాయమైంది. మాస్టారు కుమిలిపోయాడు. నడకకొచ్చి ఫోన్లలో పాటలు పెట్టుకునేవాళ్లని తిట్టాడు, కుక్కల్ని తెచ్చేవాళ్లని తిట్టాడు, రాత్రంతా వెలిగే దీపాల్ని తిట్టాడు. ఏటా డిసెంబరులో లెక్కను శుభ్రంగా తిరగరాసి పార్కు ఆఫీసులో ఇచ్చేవాడు. కింద ఎర్రసిరాతో, "చిన్న పిట్టలు మన పార్కును వదిలి వెళ్లిపోతున్నాయి" అని రాసేవాడు. వాళ్లు కదలాలనే రాశాడు. వాళ్లు కదిలారు కూడా.

పార్కుకి వచ్చే కార్లకు చోటు చాలడం లేదు. పార్కు సూపరింటెండెంటు గోడకు మ్యాపు తగిలించి, చిట్టడవి ఉన్న మూలకు పార్కింగని బూడిదరంగు వేసి, అభ్యంతరాలుంటే చెప్పండని మీటింగు పెట్టాడు. పిట్టల గుంపంతా వెళ్లింది. బ్యాంకు ఆఫీసరు లేచి, అది పక్షులకు ఆలవాలమని గంభీరంగా మొదలెట్టాడు. సూపరింటెండెంటు మర్యాదస్తుడు. మధ్యలో అడ్డుపడకుండా అంతా విని, సొరుగులోంచి ఐదేళ్ల కాగితాలు తీసి మాస్టారి ముందు పరిచాడు.

"ఇవి మీ చేతిరాతేగా మాస్టారూ? మీ మాటే నాకు ప్రమాణం. ఆ మూలలో చిన్న పిట్టలు ఉన్నాయా, లేవా?"

అబద్ధం ఆడితే అయిపోయేది. ఉన్నాయంటే కాదనేవాడు ఆ గదిలో లేడు. కానీ ఇరవై ఏడేళ్లు ఒక్క పిట్టను కూడా ఎక్కువ రాయని చెయ్యి అది. మాస్టారు కుండ బద్దలుకొట్టినట్టు చెప్పాడు. "లేవండీ. ఉండేవి. మీరే వెళ్లగొట్టారు."

సూపరింటెండెంటుకు రెండో ముక్కతో పనిలేదు, మొదటిది రాసుకున్నాడు. వెనక వరసలో నర్సు ఒకసారి లేవబోయి, మళ్లీ కూర్చుంది.

పదిహేను రోజుల తర్వాత దుకాణానికి జాకెట్లు కుట్టే ఆవిడ వచ్చింది. మొన్న బాగుచేసిన మిషను ఆటోలోంచి దింపించి, "ఇంకా కీచుమంటోందండీ, చెవులు తూట్లు పడుతున్నాయి" అంది.

"తొక్కమ్మా." మాస్టారు కళ్లు మూసుకున్నాడు. పెడలు టకటకా వినిపించింది, బెల్టు తిరగడం వినిపించింది. "ఏం లేదే? వెన్నలా నడుస్తుంటే!"

"ఇదేం చోద్యం! ఇంత గోల పెడుతుంటే!"

మాస్టారికి కోపమొచ్చింది. పక్క కొట్లో తాళాలు చేసేవాణ్ణి సాక్ష్యానికి పిలిచాడు. వాడు గుమ్మం ఎక్కకుండానే చెవిలో వేలు పెట్టుకున్నాడు. "అబ్బ, ఆపవమ్మా! ఏంటి మాస్టారూ, ఎలక తోక తొక్కినట్టు ఆ చప్పుడు?"

మాస్టారు వంగి షటిల్ దగ్గర చెవి ఆనించాడు. ఆవిడ తొక్కుతూనే ఉంది. లోపల ఇనుము ఇనుమును రాసుకోవడం కంటికి కనిపిస్తోంది. చెవికి ఏమీ తెలియడం లేదు.

ఇంటికెళ్లి భార్యను అడిగాడు. ఆవిడ కూరగాయలు తరగడం ఆపలేదు. "ఐదేళ్ల కిందటే చెప్పానుగా! ఫ్రిజ్జు తలుపు సరిగ్గా పడకపోతే పీక్ పీక్ మంటుంది, దాని పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటారు. గడియారం అలారం నేనే ఆపుతున్నాను. చెవి డాక్టరు దగ్గరికి వెళదామంటే ఏమన్నారు? నా చెవులకు ఊరంతా దండం పెడుతుంది, నీకే చాదస్తం ముదిరిందన్నారు. ఇంకెవరు చెబుతారండీ మీకు?"

ఆదివారం దాకా ఆగలేక మర్నాడే ఆయన ఆస్పత్రికి వెళ్లి, నర్సు డ్యూటీ దిగేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె రాగానే ఉపోద్ఘాతం లేకుండా అడిగాడు.

"చిట్టడవిలో సూదిపిట్టలున్నాయా?"

ఆమె బ్యాగు పట్టీ నలిపింది. "ఉన్నాయి మాస్టారూ."

"ఎన్ని?"

"లెక్కపెట్టడం మానేశానండీ. మొన్న ఆదివారం కూడా పొద మొత్తం మోగిపోయింది. మీరు తల ఊపకుండా నడిచారు. మేమూ నడిచాం."

"మీరంతానా? అందరికీ వినిపిస్తోందా?"

"మొదట్లో మేమే పొరబడుతున్నామనుకున్నాం. మీ చెవి ముందు మా చెవులెంత? తర్వాత తెలిసింది. కానీ మీకెవరు చెబుతారు మాస్టారూ? పిల్లి మెడలో గంట కట్టడమే. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పనుకున్నాం. మీరు బాధపడతారని..."

మాస్టారికి ఆమెను చెంప మీద కొట్టాలనిపించింది. మరుక్షణం, కొట్టాల్సింది ఎవరినో తెలిసింది. ఆమె నోరు మూయించింది తనే. ఒక్క వెటకారంతో పన్నెండు మంది చెవులు కోసేసి, తన రెండు చెవులు మిగుల్చుకున్నాడు. అవీ పుచ్చినవే.

ఆమే పరీక్ష చేయించింది. మాటలు, కాకులు, పావురాలు, లారీలు అన్నీ వినిపిస్తాయి, సన్నటి శబ్దాలే పోయాయి, వయసుతో ఇలా మెల్లగా పోతే మనిషికి తెలియదు, ఐదారేళ్లయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ కాగితం తీసుకుని ఇద్దరూ పార్కు ఆఫీసుకు వెళ్లారు. జీవితంలో మొదటిసారి మాస్టారు ఒక కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"బాబూ, నా లెక్క తప్పు. పిట్టలు ఎక్కడికీ పోలేదు. నా చెవులు పోయాయి. ఇదిగో డాక్టరు రాసిచ్చింది. ఐదేళ్ల పుస్తకం కొట్టెయ్యండి."

సూపరింటెండెంటు కాగితం శ్రద్ధగా చదివాడు. ఆయన ముఖంలో నిజంగానే జాలి కనిపించింది, అది ఇంకా ఘోరం. "అభ్యంతరాల గడువు అయిపోయింది మాస్టారూ. పోనీ పైకి రాద్దామన్నా, ఏమని రాయను? ఐదేళ్లు తప్పు రాశారంటున్నారు. అంతకుముందు ఇరవై రెండేళ్లూ ఒప్పే రాశారని ఎవరు చెప్పాలి? అసలక్కడ అన్ని పిట్టలు ఎప్పుడైనా ఉన్నాయా అని అడుగుతారు."

నర్సు ఉండబట్టలేకపోయింది. "నేను విన్నానండీ. మా వాళ్లంతా విన్నారు. ఇప్పుడు రండి, వినిపిస్తాను."

"మీటింగులో మీరూ ఉన్నారు కదమ్మా. ఆ రోజు చెప్పాల్సింది. మొత్తం గుంపులో ఒక్కరు కాదన్నా ఆపేసేవాణ్ణి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరం చేస్తాం. ఆ ఆకులు కూడా లేకుండా పోవడమంటే ఇదే. బయటికొచ్చాక మాస్టారు మెట్ల మీద ఆగి, "ఇరవై రెండేళ్లు..." అన్నాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నవాడికి ఎవరి మీద కేకలెయ్యాలో తెలియదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పని మొదలైంది. గుంపులో చాలామంది రాలేదు. బ్యాంకు ఆఫీసరు తనకు ఆడిట్ ఉందని కబురు పెట్టాడు. కట్టిన తాడు ఇవతల మాస్టారూ నర్సూ నిలబడ్డారు. రంపం మిషన్ల రొద ఆయనకు చక్కగా వినిపించింది, ఆ చెవులకు ఆ మాత్రం శక్తి మిగిలింది. మొదటి పొట్టిచెట్టు పక్కకు వాలి, దానితో అల్లుకున్న తీగలన్నీ పెళ్లగించుకుని పొదను నిలువునా చీల్చేసింది.

అప్పుడు లేచాయి. మూడు కాదు, ఏడు కాదు. గుప్పెడు గుప్పెడుగా, పొదలోంచి ఆకులే విడిపోయి ఎగురుతున్నట్టు, వందలు. ఐదేళ్లుగా ఆయన పుస్తకంలో లేని పిట్టలన్నీ ఆయన తల మీదుగా గిరగిరా తిరుగుతూ, కూలిన చెట్టు మీద వాలబోయి మళ్లీ లేస్తున్నాయి. రంపాలు ఒక్క క్షణం ఆగాయి. మాస్టారికి ఆకాశం నిశ్శబ్దంగా ఉంది. తాడు పట్టుకున్న కూలీ తల పైకెత్తి, రెండు చెవులూ మూసుకున్నాడు.

మాస్టారు బైనాక్యులర్ ఎత్తి ఒకదాన్ని పట్టుకున్నాడు, వదిలి ఇంకోదాన్ని పట్టుకున్నాడు.

"గోల పెడుతున్నాయా అమ్మా?"

నర్సు ఆయన ముఖంలోకి చూసింది. "లేదు మాస్టారూ. ఊరికే ఎగిరిపోతున్నాయి."

అద్దాల్లో ప్రతి పిట్ట ముక్కూ తెరుచుకునే ఉంది. ఎర్రటి నోళ్లు, లోపల వణుకుతున్న చిన్న నాలుకలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మాస్టారు బైనాక్యులర్ దించలేదు.

"ఇంకా ఎన్నాళ్లు నాకు మర్యాద చేస్తావమ్మా?" అన్నాడు.